కంచెకు కాసిన కాయలు

మనిషికి ఆలోచన ఎందుకు పుడుతుంది? అవసరం పడి పుడుతుందనీ, కడుపు కాలి పుడుతుందనీ, ఒక్కోసారి ఏమీ తోచక కూడా పుడుతుందనీ మన పెద్దలు అమాయకంగా నమ్మారు. పాపం, వాళ్లకు మేధోసంపత్తి లాయర్లతో పరిచయం లేదు. వీళ్ల శాస్త్రం ప్రకారం బుర్రలో దీపం వెలగాలంటే ముందు 20 ఏళ్ల గుత్తహక్కు రాసివ్వాలి. రాసివ్వకపోతే ఎంతటి మేధావి అయినా కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడే తప్ప ఒక్క ముక్క కనిపెట్టడు. మరి చక్రాన్ని ఏ పేటెంటు ఆఫీసును నమ్ముకుని కనిపెట్టారు అంటారా? దానికీ జవాబుంది. 2001లో ఆస్ట్రేలియాలో ఒకాయన చక్రం మీద పేటెంటు కావాలని దరఖాస్తు పెట్టాడు. చక్రం అని రాస్తే బాగుండదని, గుండ్రని రవాణా సౌలభ్య సాధనం అన్న ధోరణిలో గంభీరమైన పేరొకటి తగిలించాడు. కొత్తగా తెచ్చిన పద్ధతిలో ఎంత కళ్లు మూసుకుని ముద్ర కొడుతున్నారో చూద్దామన్నదే ఆయన ఉద్దేశం. ఆఫీసు ఆయన్ని నిరాశపరచలేదు. ఇద్దరికీ కలిపి ఆ ఏడు ఇగ్ నోబెల్ బహుమతి దక్కింది.

అసలు ఒప్పందం మాత్రం మంచిదే, అబద్ధమెందుకు? నువ్వు కనిపెట్టింది ఏమిటో, ఎలాగో లోకానికి విప్పి చెప్పు. బదులుగా కొన్నేళ్లు నువ్వొక్కడివే అమ్ముకో. గడువు తీరాక అది అందరిదీ. చెమటోడ్చి పండించినవాడి చేను చుట్టూ కొన్నాళ్లు కంచె. దీన్ని కాదన్నవాడు ఎన్నడూ మడిలో కాలు పెట్టనివాడే అయివుండాలి. చిక్కు ఎక్కడొచ్చిందంటే, చేనుకన్నా కంచె మీదే రాబడి ఎక్కువని కొందరు కనిపెట్టారు. ఈ మధ్య కాలంలో నిజంగా కనిపెట్టిన గొప్ప సంగతుల్లో ఇదొకటి. దీని మీద మాత్రం ఎవరూ పేటెంటు తీసుకోలేదు. కంచే చేను మేసిందని వెనకటివాళ్లు వాపోయేవారు. ఇప్పుడు చేను అక్కర్లేదు. కంచెకే కాయలు కాస్తున్నాయి.

పుట్టినరోజు పాటనే తీసుకోండి. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో చిన్నపిల్లల బడి నడిపే హిల్ అక్కచెల్లెళ్లు 1893లో అచ్చువేసిన ఒక ఉదయం పాట బాణీకి, తర్వాతెప్పుడో పుట్టినరోజు మాటలు అతుక్కున్నాయి. ఎవరు అతికించారో కచ్చితంగా ఎవరికీ తెలియదు. తెలియకపోతేనేం, 1988లో వార్నర్ చాపెల్ అనే సంగీత సంస్థ ఆ పాట హక్కులున్న కంపెనీని 2.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఏడాదికి సుమారు 20 లక్షల డాలర్లు ఆ పాట మీదే వసూలు చేసింది. అక్కడి హోటళ్లలో కేకు తెచ్చే కుర్రాళ్లు ఆ పాట పాడితే బిల్లు ఎవరికొస్తుందోనన్న భయంతో సొంతంగా ఏవో చప్పట్ల పాటలు కట్టుకున్నారు. చివరికి ఆ పాట మీదే డాక్యుమెంటరీ తీస్తున్న ఒక దర్శకురాలిని 1,500 డాలర్లు కట్టమంటే, ఆవిడ కట్టి, రసీదు పట్టుకుని కోర్టుకెక్కింది. 2015లో జడ్జిగారు కాగితాలన్నీ తిరగేసి, ఆ పాట మాటల మీద ఈ కంపెనీకి అసలు హక్కే లేదని తేల్చారు. లేని హక్కు మీద అన్నేళ్లు కప్పం! కంపెనీ 1.4 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. ఏడాదికి 20 లక్షల చొప్పున లెక్కేసుకుంటే అది ఏడేళ్ల వసూలు. మిగతా ఏళ్ల వసూలంతా కంపెనీ దగ్గరే ఉండిపోయింది. దొంగ దొరికితే దొంగిలించినదాంట్లో కొంత తిరిగిచ్చి మిగతాది ఉంచుకోవచ్చన్న నియమం జేబుదొంగలకు కూడా వర్తింపజేస్తే బాగుండేది.

బతికున్నవాళ్ల సంగతి ఇలా ఉంటే, చచ్చిపోయినవాళ్లను ప్రోత్సహించడంలో ఈ చట్టం చూపించే శ్రద్ధ చెప్పనలవి కాదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో పోయారు. రచయిత పోయాక 50 ఏళ్ల వరకే కాపీరైటు అన్నది అప్పటి మన చట్టం. అంటే 1991 దాటగానే ఆయన రచనలు జాతి సొత్తు కావాలి. జాతికి అంత తొందరేముందని ప్రభుత్వం సరిగ్గా ఆ ముహూర్తానికి చట్టం మార్చి, 50ని 60 చేసింది. పోయి అర్ధశతాబ్దం గడిచిన మహాకవి ఆ పదేళ్ల అదనపు ప్రోత్సాహంతో కొత్తగా ఏం రాశారో ఆ హక్కులున్న విశ్వభారతివారే చెప్పాలి. అమెరికా మనకంటే ఉదారం. 1998లో ఒక్క చట్టంతో కాపీరైట్లన్నిటికీ మరో 20 ఏళ్లు కలిపేసింది. 1928 నాటి మిక్కీ మౌస్ ఆ పుణ్యాన 2024 జనవరి దాకా బోనులోనే ఉంది. ఆ ఎలుక యజమానులు స్నోవైట్ కథను గ్రిమ్ సోదరుల దగ్గర తీసుకున్నారు, సిండ్రెల్లాను పెరో దగ్గర, పినోకియోను కొల్లోడీ దగ్గర. ఎవరికీ చిల్లిగవ్వ కట్టలేదు. తప్పు లేదు, అవి అప్పటికే అందరి కథలు. అందరి చేలోంచి మోపులు కట్టుకుని ఇంటికి పోయినవాడు తన గుమ్మం ముందు మాత్రం ముళ్లకంప అడ్డం పెట్టుకోవడమే చూడముచ్చటగా ఉంది.

మన సినిమావాళ్లను ఇక్కడ తలుచుకోకపోతే మహాపచారం. పైరసీ మీద ప్రెస్‌మీట్ పెట్టి కంటతడి పెట్టే నిర్మాతను చూసినప్పుడల్లా నాకూ కళ్లు చెమరుస్తాయి. నిన్నగాక మొన్న రిలీజైన బొమ్మ ఇవాళ ఫోన్లలో తిరుగుతోందంటే అది పచ్చి దొంగతనమే, అనుమానం లేదు. కాకపోతే ఆ కథ ఏ కొరియా డీవీడీలోంచి నడిచొచ్చిందో, కృష్ణానగర్ టీకొట్టు దగ్గర ఏ కుర్రాడు ఆరు నెలలు సిట్టింగుల్లో కూర్చుని సీన్లు చెప్పాడో, టైటిల్స్‌లో అతని పేరు ఏ గాలికి కొట్టుకుపోయిందో ఆ ప్రెస్‌మీట్‌లో ఎవరూ అడగరు. అడిగితే ‘స్ఫూర్తి’ అంటారు. ఇంకా గట్టిగా అడిగితే న్యాయశాస్త్రం చెబుతారు. ఆలోచనకు కాపీరైటు లేదు, దాన్ని చెప్పిన తీరుకే ఉందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట వీళ్లకు కంఠతా వచ్చు. ఆ తీర్పు ఇంకా చాలా చెప్పింది, చెప్పిన తీరును కూడా ఎత్తుకెళితే తప్పేనని చెప్పింది. మనవాళ్లు సగం వరకే చదివి పుస్తకం మూసేశారు. ఫోనులో బొమ్మ చూసినవాడు దొంగ. బొమ్మనే ఎత్తుకొచ్చినవాడు క్రియేటివ్ డైరెక్టర్.

పాటలు రాసేవాళ్లు, బాణీలు కట్టేవాళ్లు ఇంకా అదృష్టవంతులు. డబ్బిచ్చి రాయించుకున్నాక ఆ పాట నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ధర్మాసనంలోనే ఉన్న జస్టిస్ కృష్ణయ్యర్ మనసొప్పక, కళాకారుడికి ఇది న్యాయం కాదు, పార్లమెంటు పట్టించుకోవాలి అన్న అర్థంలో విడిగా నాలుగు మాటలు రాశారు. పార్లమెంటు పట్టించుకుంది. ఎంతో తొందరగా, 2012లో. అప్పటికి 35 ఏళ్లు. సంతకం పెట్టించుకున్నా రాయల్టీలో వాటా మాత్రం పాట రాసినవాడి చేతిలోంచి గుంజుకోవడానికి వీల్లేదని ఆ సవరణ సారాంశం. ఈ 35 ఏళ్లలో ఎంతమంది కవులు పెళ్లిళ్లలో, రేడియోల్లో, పండగ పందిళ్లలో తమ పాట మోగుతుంటే విని, ఇంటికి వెళ్లి అద్దె ఎలా కట్టాలా అని ఆలోచించారో లెక్క ఎవరి దగ్గరా లేదు. ఠాగూర్ కాపీరైటుకు గడువుకు ముందే పదేళ్లు కలిపిన చేతులే, బతికున్న కవి వాటా రాయడానికి ఇంత కాలం కలం వెతుక్కున్నాయి.

ఇప్పుడు మగ్గం దగ్గరికి పోదాం. పోచంపల్లి చీరకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. దేశంలో ఈ గుర్తింపు పొందిన తొలి కొన్నింటిలో అదొకటి. ఆ తర్వాత మనకు ధ్రువపత్రాల జాతర మొదలైంది. తిరుపతి లడ్డూ, హైదరాబాద్ హలీం, బంగినపల్లి మామిడి, ఆత్రేయపురం పూతరేకులు. ప్రతిదానికీ ఒక సభ, ఒక శాలువా, పేపర్లో ఒక ఫొటో. ఇంత గుర్తింపు వచ్చాక పోచంపల్లి నేతగాడు నిశ్చింతగా నిద్రపోవచ్చు కదా? నూలుకు చిటికెలు కట్టి, రంగులద్ది, విప్పి, మళ్లీ కట్టి, రోజుల తరబడి తెచ్చిన ఆ అలల అంచు డిజైనును, ఎక్కడో మిల్లులో మీటర్ల లెక్కన అచ్చుగుద్ది, నాలుగో వంతు ధరకు బజార్లో కుప్పపోస్తున్నారు. చీర తిరగేసి చూస్తే తెలిసిపోతుంది, అచ్చువేసినది వెనక వైపు వెలవెలబోతుంది. కొట్టువాణ్ని నిలదీస్తే, పోచంపల్లి అని ఎవరన్నారండీ, పోచంపల్లి మోడల్ అన్నాం అంటాడు. నేతగాడికి చట్టం అండ లేదనకండి. నిక్షేపంలా ఉంది. జిల్లా కోర్టుకు వెళ్లి ఆ మిల్లు మీద దావా వేయొచ్చు. మగ్గం దిగి, బస్సెక్కి, వకీలును పెట్టుకుని, వాయిదాలకు తిరిగి, ఎదుటివాడి ఢిల్లీ లాయరు వాదన పూర్తయ్యేదాకా కోర్టు వరండాలో కూర్చోవచ్చు. ఆ ఖర్చుకు ఎన్ని చీరలు నేయాలో లెక్కేసుకునే సౌకర్యం కూడా అతనికుంది.

అదే నేలలో ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే ఆయన ఉన్నారు. బడి మధ్యలోనే మానేశారు. వాళ్లమ్మ లక్ష్మి రోజూ ఆసు పోసేది. ఆసు పోయడమంటే దారాన్ని చీలల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ, వేలసార్లు చెయ్యి ఆడించడం. సాయంత్రానికి భుజం పడిపోయేది. ఆ నొప్పి చూడలేక ఆయన ఏళ్ల తరబడి కుస్తీపట్టి, అప్పులపాలై, నలుగురిచేత పిచ్చివాడనిపించుకుని, 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశారు. పేరు లక్ష్మీ ఆసు యంత్రం. పేటెంటు 2011లో వచ్చింది, పద్మశ్రీ 2017లో. పేటెంటు రావడం న్యాయమే, సంతోషమే. అయితే మొదట్లో చెప్పిన లాయర్ల శాస్త్రం ఇక్కడ ఏమైంది? గుత్తహక్కు కోసం ఎదురుచూడకుండా ఈయన బుర్ర ముందే పని మొదలెట్టేసింది. ఎవరో ఈయనకు ఆ శాస్త్రం చెప్పడం మరిచిపోయారు.

సరే, పాటలూ చీరలూ లేకపోయినా మనిషి బతుకుతాడు. మందు లేకపోతే బతకడు. కంచెకు కాయలు విరగగాసేది అక్కడే.

గ్లివెక్ అనే మందు ఉంది. ఒక రకం రక్తక్యాన్సర్‌ను, అంతకుముందు వస్తే ఇక రోజులు లెక్కపెట్టుకోవడమే అనుకున్న జబ్బును, రోజూ మాత్ర వేసుకుని బతికే జబ్బుగా మార్చింది. ఈ మాట వ్యంగ్యంగా అనడం లేదు, అది నిజంగా గొప్ప ఆవిష్కరణ. తర్వాత నోవార్టిస్‌లో కలిసిపోయిన సీబా-గైగీ కంపెనీ 1990ల మొదట్లోనే ఆ అణువు మీద పేటెంటు దరఖాస్తులు పెట్టుకుంది. 1998లో నోవార్టిస్ మన చెన్నై పేటెంటు ఆఫీసులో ఇంకో దరఖాస్తు పెట్టింది. ఈసారి మందు అదే, కాకపోతే దాని లవణం ఫలానా, ఆ లవణపు స్ఫటికం ఫలానా ‘బీటా’ రూపం. స్ఫటికం కొత్తది గనుక 20 ఏళ్లు మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టమని కోరింది. దాదాపు 40 దేశాలు తలూపి రాసిచ్చేశాయి.

మనవాళ్లు మాత్రం మొండికేశారు. 2005లో మందుల మీద పూర్తి పేటెంట్లు మళ్లీ తెచ్చినప్పుడు మన పార్లమెంటు చట్టంలో ఒక చిన్న మెలిక పెట్టింది, సెక్షన్ 3(డి). తెలిసిన మందునే కొత్త రూపంలో తెస్తే, అది జబ్బు మీద మునుపటికంటే మెరుగ్గా పనిచేస్తుందని చూపించాలి. చూపిస్తేనే పేటెంటు. అంత పెద్ద కోరికేం కాదు. ముంబైకి చెందిన క్యాన్సర్ రోగుల సహాయ సంఘం, మన హైదరాబాద్ నాట్కో, హెటెరో, మరికొన్ని కంపెనీలు అభ్యంతరాలు పెట్టాయి. 2006లో చెన్నై ఆఫీసు దరఖాస్తు తోసిపుచ్చింది. కంపెనీ ఏడేళ్లు కోర్టుల చుట్టూ తిరిగింది. కొత్త స్ఫటికం ఒంట్లో 30 శాతం ఎక్కువగా ఇంకుతుందని వాదించింది. ఇంకితే సరిపోదు, ఎక్కువగా నయం చేస్తుందని చూపించమన్నారు సుప్రీంకోర్టు జడ్జీలు. చూపించలేకపోయింది. తీర్పు వచ్చిన తేదీ 2013 ఏప్రిల్ 1. ఆ తేదీ చూసి ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుని ఉంటారు స్విట్జర్లాండులో. నెలకు లక్షా 20 వేల రూపాయల మందు, మన కంపెనీల చేతిలో అందులో పదో వంతు కూడా లేని ధరకు దొరికింది. అంత తేడా ఎక్కడికి పోయేదో ఆ స్ఫటికాన్నే అడగాలి.

ఈ మొండితనం హైదరాబాదుకు ఎక్కణ్నించి అబ్బిందో కూడా చెప్పుకోవాలి. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1970 పేటెంట్ల చట్టం వచ్చింది. మందు మీద కాదు, దాన్ని తయారుచేసే పద్ధతి మీదే పేటెంటు అంది ఆ చట్టం. నువ్వు ఒక దారిలో చేశావా, నేను ఇంకో దారిలో చేసుకుంటాను, అంతే. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చి ఆ ఇంకో దారి వెతికారు. తర్వాత సొంత మందుల కంపెనీ పెట్టిన అంజిరెడ్డి వాళ్లలో ఒకరు. ఇవాళ హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో తయారైన మాత్ర వేసుకుని ఆఫ్రికాలోనో అమెరికాలోనో మనిషి బతుకుతున్నాడంటే అది కంచెలో వదిలిన ఆ సందు వల్లే. పటాన్‌చెరు వాగుల రంగు కూడా ఆ ఫ్యాక్టరీల వల్లే మారింది, అది ఇంకో వ్యాసం.

నెక్సవార్ కథ ఇంకా రుచిగా ఉంటుంది. కాలేయం, మూత్రపిండాల క్యాన్సర్లకు వాడే మందు. బేయర్ కంపెనీది. 2008లో మన దగ్గర పేటెంటు వచ్చింది. అప్పట్లో నెలకు సరిపడా 120 మాత్రల ధర 2,80,428 రూపాయలు. ఆ చివరి 28 రూపాయలు చూడండి, ఎంత నిక్కచ్చిగా లెక్కేశారో! ఏడాదికి 33 లక్షలు దాటేది. ఇల్లు అమ్మి ఒక ఏడాది బతకొచ్చు, రెండో ఏడాదికి రెండో ఇల్లు ఉండాలి. నాట్కో వెళ్లి లైసెన్సు ఇమ్మని అడిగితే బేయర్ పొమ్మంది. దాంతో నాట్కో 2011లో చట్టంలో ఉన్న సెక్షన్ 84 తీసి, ప్రజలకు అందడం లేదు, అందుబాటు ధరలో లేదు, ఈ దేశంలో తయారుచేయడం లేదు, కాబట్టి మాకు తప్పనిసరి లైసెన్స్ ఇప్పించండి అని పేటెంట్ల కంట్రోలర్ ముందు నిలబడింది. నెలకు 8,800 రూపాయలకు ఇస్తామంది.

అప్పుడు బేయర్ వాదన వినాల్సిందే. ఆ సమయంలోనే సిప్లా కంపెనీ అదే మందును 30 వేల రూపాయలకు అమ్ముతోంది. మా పేటెంటును దొంగిలించారని సిప్లా మీద బేయర్ ఢిల్లీ హైకోర్టులో కేసు వేసి కూర్చుంది. అదే బేయర్ ఇక్కడ కంట్రోలర్ ముందుకొచ్చి, ప్రజలకు మందు అందడం లేదంటారేం, సిప్లా మందు అందుతోంది కదా, దాన్నీ కలిపి లెక్కేయండి అంది! ఢిల్లీలో సిప్లా దొంగ, ఇక్కడ సిప్లా పుణ్యాత్ముడు. రెండు నాల్కల ధోరణికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన తర్కశాస్త్రజ్ఞులు కూడా ఇవ్వలేరు. కంట్రోలర్ దాన్ని ఒప్పుకోలేదు. 2012 మార్చి 9న నాట్కోకు లైసెన్స్ ఇచ్చారు. అమ్మకాల మీద 6 శాతం బేయర్‌కు రాయల్టీ కట్టాలి, తర్వాత దాన్ని 7 చేశారు, ఏడాదికి కనీసం 600 మంది పేద రోగులకు ఉచితంగా ఇవ్వాలి. అంతా చట్టప్రకారం, లెక్కప్రకారం. నాట్కో దానధర్మాల సత్రం కాదు, 8,800 దగ్గరే దానికి లాభం ఉండేవుంటుంది. అలాంటప్పుడు 2,80,428 దగ్గర వచ్చేదాన్ని లాభం అనే చిన్న మాటతో అవమానించకూడదు.

ఈ అన్యాయాన్ని దిగమింగుకోలేక బేయర్ అప్పటి అధిపతి మారిన్ డెక్కర్స్ 2013 చివర్లో ఒక సభలో మనసులో మాట చెప్పేశారు. ఈ మందును మేం భారతీయుల కోసం తయారుచేయలేదు, కొనగలిగే పాశ్చాత్య రోగుల కోసం చేశాం అన్నది ఆయన మాటల సారాంశం. తర్వాత కంపెనీ వివరణలు ఇచ్చుకుంది, సందర్భం వేరంది. నేనైతే ఆయనకు దండం పెడతాను. మేధోసంపత్తి మానవాళి కోసమని అన్ని వేదికల మీదా చెప్పేవాళ్ల మధ్య, మానవాళి సరిహద్దులు ఎక్కడెక్కడో ఇంత స్పష్టంగా గీసి చూపించినవాడు ఇంకొకడు లేడు.

మనది మొండి దేశం కాబట్టి ఇలా జరిగింది. బుద్ధిమంతులైన దేశాల్లో ఎలా ఉంటుందో హ్యూమిరా అనే కీళ్లవాతం మందును చూస్తే తెలుస్తుంది. అమెరికాలో దాని అసలు పేటెంటు 2016తో అయిపోయింది. కానీ యజమాని అప్పటికే దాని చుట్టూ వందకు పైగా పేటెంట్లు పేర్చి పెట్టుకున్నాడు. మోతాదుకొకటి, తయారీ పద్ధతికొకటి, మందును కలిపే తీరుకొకటి. ఐరోపాకు చవక రకాలు 2018లో వచ్చేశాయి. పేటెంట్ల అడవి దాటుకుని అమెరికా చేరేసరికి 2023 జనవరి అయింది. ఈ మధ్య ఏళ్లలో కనిపెట్టింది మందు కాదు, ఆలస్యం.

ఇంత బుద్ధి మనకెందుకు రాలేదని అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయంవారు ప్రతి ఏప్రిల్లోనూ బాధపడుతూ స్పెషల్ 301 అనే నివేదిక వేస్తారు. అందులో అల్లరి దేశాల జాబితా ఉంటుంది, మన పేరు ఏళ్లుగా దాంట్లో చెక్కుచెదరకుండా ఉంది. ముఖ్యమైన నేరం ఆ 3(డి). కొత్తగా పనిచేస్తేనే కొత్తది అంటాం అనడం అంతర్జాతీయ మర్యాద కాదట. 2025లోనూ అలాంటి అమర్యాదే జరిగింది. పసిపిల్లల కండరాలు చచ్చుబడిపోయే జబ్బుకు వాడే రిస్డిప్లామ్ మందు సీసా రోష్ కంపెనీది 6 లక్షల పైమాట. నాట్కో 15,900కు ఇస్తానంటే, రోష్ తన పేటెంటు చూపించి అమ్మకం ఆపించమని కోర్టుకెక్కింది. ఈ పేటెంటు, వాళ్ల పాత పేటెంటులో ఉన్నదే మళ్లీ చెబుతున్నట్టుందని ఢిల్లీ హైకోర్టుకు అనిపించి, అమ్మకం ఆపనంది. సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోనంది.

ఇదంతా చదివి మన ప్రభుత్వం రొమ్ము విరుచుకుని నిలబడిందని మీరు పొంగిపోతే అది మీ తప్పు. పసుపు మీద అమెరికావాడు 1995లో పేటెంటు తీసుకుంటే మన సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించిన కథను పాఠ్యపుస్తకాల్లో పెట్టుకుని మురిసే మనం, ఇంటి గుమ్మంలో ఏం జరుగుతోందో చూడలేదు. నెక్సవార్ కేసులో బేయర్ ఎంత మందు దిగుమతి చేసిందో, ఎంతమందికి అందిందో నాట్కో చేతికి ఎలా దొరికిందనుకున్నారు? పేటెంటు ఉన్న ప్రతివాడూ ఏటేటా నేను ఈ దేశంలో దీన్ని ఎంత వాడకంలో పెట్టానో అని ఫారం 27 నింపివ్వాల్సి ఉండేది. కంపెనీ సొంత చేతిరాతే సాక్ష్యం అయింది. గ్లివెక్ కేసులో రోగుల సంఘం అభ్యంతరం పెట్టగలిగింది ఎలాగ? మంజూరుకు ముందే ఎవరైనా పైసా ఫీజు లేకుండా అభ్యంతరం చెప్పే వీలు అప్పట్లో ఉండేది గనుక.

2024 మార్చి 15న కేంద్రం పేటెంటు నిబంధనలు మార్చింది. ఫారం 27 ఇక ఏటా అక్కర్లేదు, మూడేళ్లకొకసారి చాలు. మంజూరుకు ముందు అభ్యంతరం చెప్పాలంటే ఫీజు కట్టాలి, కట్టాక కూడా అది విచారణకు నిలుస్తుందో లేదో కంట్రోలరు ముందు తేలుస్తారు. వ్యాపార సౌలభ్యం కోసమట. క్యాన్సర్ రోగి మూడేళ్లు ఆగి లెక్కలు అడగాల్సి రావడం ఎవరి సౌలభ్యమో ఆ ఉత్తర్వులో రాయలేదు.